కంపెనీ రెండేళ్లు ఊరుకుంటే హక్కు వదులుకున్నట్టేనా? సీడ్ పత్తి ఒప్పందంలో గోప్యత షరతు గురించి

అన్నా, మీ ప్రశ్న నిదానంగా చదివాను. నాకు అర్థమైంది ఇదీ. ఐజ దగ్గర మీరు పత్తి సీడ్ ఆర్గనైజర్, అంటే కంపెనీ కోసం రైతుల చేత విత్తన పత్తి వేయించే మధ్యవాడు. కంపెనీతో రాసుకున్న ఒప్పందంలో గోప్యత షరతు ఉంది: పేరెంట్ సీడ్ (హైబ్రిడ్ తయారీకి కంపెనీ ఇచ్చే ఆడ, మగ విత్తనం) వివరాలు, రైతుల జాబితా, ప్యాకెట్ రేటు, జీఓటీ (విత్తనాన్ని మొలిపించి పెంచి శుద్ధత చూసే గ్రో ఔట్ టెస్ట్) ఫలితాలు బయటివాళ్లకు చెప్పకూడదు, చెప్తే పది లక్షలు కట్టాలి. రెండు సీజన్లుగా మీరు ప్లాట్ల వివరాలు, రేట్లు ఒక వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఆ గ్రూపులో వేరే కంపెనీల ఆర్గనైజర్లు ఉన్నారు, మీ కంపెనీ ఫీల్డ్ ఆఫీసరూ ఉన్నాడు. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు. ఈ ఏడు జీఓటీలో కొన్ని లాట్లు ఫెయిలయ్యాయని చెప్పి డబ్బు ఆపారు. మీరు గట్టిగా అడిగేసరికి గోప్యత ఉల్లంఘించారంటూ లాయరు నోటీసు పంపారు. దాని వెనకే ఇంకో కాగితం: "నా హక్కులన్నీ వదులుకుంటున్నాను" అని సంతకం పెడితే బాకీలో కొంత ఇస్తారట. రెండేళ్లు చూస్తూ ఊరుకున్నారు కాబట్టి వాళ్ల హక్కు పోయినట్టేనా, ఆ కాగితం మీద సంతకం పెట్టొచ్చా అని అడిగారు.

ఊరుకున్నంత మాత్రాన వాళ్ల హక్కు పోదు. అలాగని మీ చేతిలో ఏమీ లేదని కాదు, చాలానే ఉంది. కానీ జవాబు నోటీసులో "రెండేళ్లు ఊరుకున్నారు, కాబట్టి హక్కు వదులుకున్నారు" అనే మాటతో మొదలుపెట్టకండి. ఆ వాదన చివర్న రావాలి. ముందుకు తెస్తే మీకే నష్టం. సంతకం మాత్రం ఇప్పుడున్న రూపంలో అసలు పెట్టకండి.

నేను పాలమూరులో సివిల్ వైపు చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. సీడ్ ఒప్పందాలు కంపెనీల తరఫున రాసిచ్చాను, ఆర్గనైజర్ల తరఫున ఇలాంటి నోటీసులకు జవాబులూ ఇచ్చాను. ఒప్పందం చివరి పేజీల్లో వేవర్ షరతు ఉంటుంది, అంటే హక్కు ఎప్పుడు వదులుకున్నట్టో చెప్పే షరతు. దాన్ని సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు. గొడవ వచ్చాక మాత్రం రెండు పక్షాలూ దాని మీదే పడతాయి. మీ అసలు కాగితం ఇంగ్లీషులో ఉంది కాబట్టి, మీరు తెలుగులో రాసి పెట్టిన అర్థాన్ని నమ్మి చెప్తున్నాను. మీ లాయరు మూలం చూసి సరిపోల్చాలి.

హక్కు వదులుకున్నారనాలంటే ముందు ఆ హక్కు ఉండాలి. "కంపెనీ తన హక్కు వదులుకుంది" అని మీరు రాస్తే అవతలి లాయరు అందులో మూడు ఒప్పుకోళ్లు చదువుతాడు: ఆ సమాచారం రహస్యమే, దాన్ని మీరు బయట పెట్టారు, అది ఒప్పందానికి విరుద్ధం. ఇక వాళ్లు రుజువు చేయాల్సింది పెద్దగా మిగలదు, వదులుకున్నారని రుజువు చేసే బరువంతా మీ నెత్తిన పడుతుంది. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న వేరు. మీరు గ్రూపులో పెట్టింది అసలు రహస్యమేనా?

సీడ్ పత్తి చేను ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ జడ్జికి చెప్పాలి. క్రాసింగ్ రోజుల్లో సాయంత్రం పూట కూలీలు ఆడ సాళ్లలో దిగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను గిల్లి పుప్పొడి భాగం తీసేస్తారు. పొద్దున్నే మగ చెట్ల పూలు తెంపుకొచ్చి, ఆ గిల్లిన మొగ్గలకు ఒక్కోదానికి అద్దుతారు. వారాల తరబడి ఇదే పని. మగ చెట్లు చేనులో ఏ పక్కనున్నాయి, మగ విత్తనం ఎన్ని రోజులు ముందు వేశారు, ఏ రైతు ఎంత విస్తీర్ణంలో సీడ్ వేశాడు, ఏ చేనులో ఎంతమంది పనిచేస్తున్నారు అన్నవి దారిన పోయేవాడికీ తెలుస్తాయి. పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చే కూలీకి ఇంకా బాగా తెలుస్తాయి. ఇలా ఊరంతా చూస్తున్నదాన్ని రహస్యం అనడం కష్టం. చాలా ఒప్పందాల్లో నిర్వచనం కిందే మినహాయింపులు ఉంటాయి: అప్పటికే అందరికీ తెలిసినది, మీకు ఒప్పందానికి ముందే తెలిసినది, వేరే దారిలో సక్రమంగా మీకు అందినది. మీ కాగితంలో ఆ పేరా ఉందో లేదో ముందు చూడండి.

పేరెంట్ సీడ్ కోడ్ సంగతి అలా కాదు. ఏ ఆడ లైనును ఏ మగ లైనుతో కలుపుతున్నారన్నది చేను చూసి ఎవరూ చెప్పలేరు. అది సంచి మీద, కంపెనీ రికార్డులో మాత్రమే ఉంటుంది. హైబ్రిడ్ విలువంతా అక్కడే ఉంది. ఆ కోడ్ ఉన్న ఫొటో గ్రూపులో పెట్టి ఉంటే మీ కేసులో బలహీనమైన చోటు అదే, నేను దాచి చెప్పను. ఆ ఒక్క విషయంలోనే మీకు వేవర్ వాదన నిజంగా అవసరం పడుతుంది. మిగతా చాలావాటికి "ఇది రహస్యమే కాదు" అంటే సరిపోతుంది. కాబట్టి రెండు సీజన్లలో మీరు పెట్టిన ప్రతి మెసేజ్‌నీ తీసి, ఏది ఏ రకానికి చెందుతుందో వేరు చేయండి. నోటీసులో కంపెనీ అన్నింటినీ కలిపి "రహస్య సమాచారం" అని ఒకే మాటలో చుట్టేసింది. జవాబులో మీరు వాటిని విడదీయాలి.

రైతుల జాబితా గురించి కూడా ఒక మాట. ఆ రైతులు మీకు కంపెనీ చూపించినవాళ్లా, లేక మీరు కంపెనీకి తెచ్చినవాళ్లా? గద్వాల వైపు ఆర్గనైజర్లలో ఎక్కువమందికి రైతులతో సంబంధం కంపెనీ కంటే పాతది. పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చేదీ, అవసరానికి ఆదుకునేదీ ఆర్గనైజరే. మీరు తెచ్చిన జాబితాను మీ దగ్గరే రహస్యంగా ఉంచాలనడానికి కంపెనీకి ఆధారం ఏమిటో అడగండి.

తర్వాతి మెట్టు అనుమతి. ముందే ఒప్పుకోవడం వేరు, జరిగిపోయాక పట్టించుకోకపోవడం వేరు. మొదటిది ఉంటే ఉల్లంఘనే జరగలేదు, ఇక వదులుకోవడం గురించి మాట్లాడాల్సిన పని లేదు. మీ కథలో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది: "ఆ గ్రూపు మా ఫీల్డ్ ఆఫీసరే పెట్టాడు" అన్నారు. దాన్ని మీరు మధ్యలో ఎక్కడో రాశారు, నాకైతే అది మీ కేసుకు వెన్నెముక. గ్రూపు ఎవరు మొదలుపెట్టారో, మిమ్మల్ని ఎవరు చేర్చారో వాట్సాప్‌లోనే కనిపిస్తుంది. "ప్లాట్ల అప్‌డేట్ పెట్టండి" అని ఆయన ఎప్పుడైనా రాసి ఉంటే, అప్పుడు ఆయన ఊరుకోలేదు, మీచేత పెట్టించాడు. ఫీల్డ్ ఆఫీసర్‌కు ఆ అధికారం లేదని కంపెనీ అంటుంది, తప్పకుండా అంటుంది. 1872 కాంట్రాక్టు చట్టంలో 237వ సెక్షన్ ఇలాంటి చోట పనికొస్తుంది. అధికారం లేకుండా ఏజెంటు చేసిన పనికైనా, ఆ అధికారం ఉందని బయటివాళ్లు నమ్మేలా యజమాని మాటతోనో చేతతోనో నడుచుకుని ఉంటే, యజమాని బాధ్యుడవుతాడు. రెండు సీజన్లు ఆ అధికారి చేతే మీకు పేరెంట్ సీడ్ పంపి, ఆయన చేతే తనిఖీలు చేయించి, ఆయన చెప్పిన తేదీలకే సీడ్ ఎత్తుకెళ్లిన కంపెనీ, ఈ ఒక్క విషయంలో ఆయన మాకు ఏమీ కాడంటే నమ్మడం కష్టం. అయితే అధీకృత అధికారి ఎవరో ఒప్పందంలో ముందే రాసి ఉంటే ఈ వాదన బలం తగ్గుతుంది.

ఇప్పుడు ఆ వేవర్ షరతు. మీరు రాసిన అర్థం ఇది: "ఈ ఒప్పందం కింద ఏ హక్కునైనా వాడుకోవడంలో కంపెనీ ఆలస్యం చేసినా, వాడుకోకపోయినా, ఆ హక్కును వదులుకున్నట్టు కాదు. ఒక ఉల్లంఘన విషయంలో వదులుకున్నా, తర్వాతి ఉల్లంఘనలకు అది వర్తించదు. హక్కు వదులుకోవడం కంపెనీ అధీకృత అధికారి సంతకంతో రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది."

ఇందులో మూడు వాక్యాలున్నాయి, మూడూ మూడు వేర్వేరు పనులు చేస్తున్నాయి. కలిపి చదివితే ఏదీ మిగలనట్టు అనిపిస్తుంది. విడివిడిగా చదవాలి.

మొదటి వాక్యం మౌనం గురించి. నిజానికి ఈ వాక్యం లేకపోయినా చట్టం దాదాపు ఇదే చెప్తుంది. 1978లో మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: తనకు ఫలానా హక్కు ఉందని పూర్తిగా తెలిసి, తెలిసి కూడా కావాలని వదిలేస్తేనే వదులుకున్నట్టు. ఆ కేసులో వదులుకున్నారని వాదించింది ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం. అమ్మకం పన్ను మినహాయింపు ఇస్తామని మాటిచ్చి, తర్వాత ఆ మిల్లు కంపెనీ పాక్షిక రాయితీకి ఒప్పుకుంది కాబట్టి పూర్తి మినహాయింపు వదులుకున్నట్టేనంది. తెలిసి, ఉద్దేశపూర్వకంగా వదిలారన్న ఆధారం లేదని కోర్టు ఆ వాదన తోసేసింది. మీ కేసులోనూ కొలత అదే. ఫీల్డ్ ఆఫీసర్ చూశాడు సరే, హక్కును నడిపే స్థాయిలో ఉన్న మనిషికి తెలుసా? తెలిసి ఏమైనా చేశాడా? రీజనల్ మేనేజర్ గ్రూపులో ఉన్నాడా? మీ వివరాల పట్టిక ఎప్పుడైనా హెడ్డాఫీసు ఈమెయిల్‌లో తిరిగి వచ్చిందా? అలాంటి ముక్క ఒక్కటి దొరికినా కేసు నడక మారుతుంది.

రెండో వాక్యాన్ని చాలామంది తమకు వ్యతిరేకమని అనుకుంటారు. జాగ్రత్తగా చూస్తే అందులో మీకు అనుకూలమైనదీ ఉంది. "తర్వాతి ఉల్లంఘనలకు వర్తించదు" అంటున్నారంటే, ముందటి ఉల్లంఘన విషయంలో వదులుకోవడం సాధ్యమేనని ఒప్పందమే ఒప్పుకుంటోంది. మొదటి సీజన్ లెక్క పూర్తిగా తేల్చి, డబ్బు కట్టి, రెండో ఏడు అదే ఆర్గనైజర్‌తో మళ్లీ ఒప్పందం రాసుకున్నారు. మొదటి సీజన్ మెసేజ్‌లను ఇప్పుడు తవ్వడం సరికాదని చెప్పడానికి ఇది మంచి ఆధారం. ఈ ఏడు పెట్టినవాటికి మాత్రం ఆ రక్షణ రాదు.

మూడో వాక్యమే అసలు గోడ. రాత, సంతకం, అధీకృత అధికారి, మూడూ అడుగుతోంది. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం, మాట పొందినవాడు ఆ మాట నెరవేర్చక్కర్లేదని పూర్తిగానో కొంతగానో వదిలెయ్యొచ్చు. దానికి ప్రతిఫలం అక్కర్లేదు, వేరే ఒప్పందమూ అక్కర్లేదని 1969లో జగద్‌బంధు ఛటర్జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చట్టం రాత అడగదు, మీ కాగితం అడుగుతోంది. ఇక్కడ భారతీయ సాక్ష్య అధినియమ్ 95వ సెక్షన్ చూడాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 92వ సెక్షన్, కొత్తది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. రాతపూర్వక ఒప్పందం తర్వాత దాన్ని రద్దు చేస్తూనో మారుస్తూనో నోటిమాటగా వేరే ఒప్పందం జరిగితే దాన్ని రుజువు చేయనిస్తుంది. అసలు ఒప్పందం రాతలోనే ఉండాలని చట్టం చెప్పినప్పుడూ, అది రిజిస్టర్ అయినప్పుడూ మాత్రం వీల్లేదు. మీ సీడ్ ఒప్పందం ఆ రెండు రకాల్లోకీ రాదనుకుంటున్నాను. కాబట్టి "సంతకం లేదు, కథ ముగిసింది" అని కంపెనీ అంటే, ముగియలేదని చెప్పడానికి దారి ఉంది. ఆ రాత షరతునే కంపెనీ తన నడవడితో పక్కన పెట్టిందని కూడా వాదించవచ్చు. కానీ అది కష్టమైన వాదన, గట్టి ఆధారాలుంటే తప్ప నిలబడదు. మీ జవాబులో అది చివరి పేరాలో, "పై వాదనలకు భంగం లేకుండా, ఒకవేళ ఉల్లంఘన ఉందని భావించినా" అనే మాటల తర్వాత రావాలి. ఆ నాలుగు మాటలు లేకుండా రాయొద్దు.

ఈ షరతు ఆపలేనివి కూడా కొన్ని ఉన్నాయి. కంపెనీ రేపు కోర్టుకు వెళ్లి "వీళ్లు ఇంకేమీ బయట పెట్టకుండా ఆపండి" అని ఇంజంక్షన్ అడగవచ్చు. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41వ సెక్షన్‌లో జి, ఐ క్లాజులు చదవండి. కొనసాగుతున్న ఉల్లంఘనను తానే సహించి ఊరుకున్నవాడికి దాన్ని ఆపే ఇంజంక్షన్ ఇవ్వకూడదు. అడిగేవాడి నడవడి గానీ, వాడి ఏజెంట్ల నడవడి గానీ కోర్టు సాయానికి తగనిదిగా ఉంటే కూడా ఇవ్వకూడదు. ఇది శాసనం కోర్టుకు పెట్టిన హద్దు. ఏజెంట్ల నడవడి అని చట్టమే అంటోంది కాబట్టి ఫీల్డ్ ఆఫీసర్ ఇక్కడ మళ్లీ కథలోకి వస్తాడు. రెండు సీజన్లు లేని అత్యవసరం బాకీ అడిగిన వారంలోనే ఎలా వచ్చిందని తాత్కాలిక ఇంజంక్షన్ దగ్గర మీ లాయరు తప్పక అడగాలి. అలాగే ఒప్పంద ఉల్లంఘనకు నష్టపరిహారం దావా మూడేళ్లలో వేయాలని లిమిటేషన్ చట్టం చెప్తుంది. ఆలస్యం చేసినా హక్కు పోదని ఎంత రాసుకున్నా ఆ గడువు పెరగదు.

పది లక్షల అంకె చూసి భయపడకండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద ఒప్పందంలో రాసిన మొత్తం పైహద్దు మాత్రమే, దానికి లోబడి కోర్టు సహేతుకమైన పరిహారం ఇస్తుంది. నష్టాన్ని రుజువు చేయడం సాధ్యమైన చోట రుజువు చేయాల్సిందేనని 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకెట్ రేటు పక్క ఆర్గనైజర్‌కు తెలిస్తే కంపెనీకి ఎంత నష్టం వచ్చిందో వాళ్లు చూపించాలి. ఇంకోటి, కోర్టు తేల్చకముందే నష్టపరిహారం అప్పుగా మారదు. రామన్ ఐరన్ ఫౌండ్రీ కేసులో 1974లోనే ఆ మాట వచ్చింది. కాబట్టి తేలని పరిహారాన్ని చూపించి తేలిన బాకీ ఆపడం మామూలుగా కుదరదు. అయితే ఒప్పందంలో మినహాయించుకునే అధికారం కంపెనీకి వేరే క్లాజులో రాసిచ్చారేమో చూడాలి. కొన్ని కాగితాల్లో అది పేమెంట్ షరతుల మధ్య దూరి ఉంటుంది.

ఇక వాళ్లు పంపిన సంతకం కాగితం. నా దృష్టిలో నోటీసు కంటే ఇదే ప్రమాదం. "ఈ సీజన్‌కు సంబంధించి, గతానికి సంబంధించి, తెలిసిన, తెలియని హక్కులన్నీ వదులుకుంటున్నాను" అని మీరు ఫొటో పెట్టారు. ఇంతసేపూ మనం మాట్లాడింది కంపెనీ హక్కు వదులుకుందా అని. ఇందులో వదులుకునేది మీరు, రాతపూర్వకంగా, మీ సంతకంతో. వాళ్లు తమకు పెట్టుకున్న రక్షణ మీకు లేదు. ఒప్పందంలోని వేవర్ షరతు మళ్లీ చూడండి, "కంపెనీ ఆలస్యం చేసినా" అంటుంది తప్ప "ఏ పక్షం ఆలస్యం చేసినా" అనదు. మీరు బాకీ అడగడంలో ఆలస్యం చేస్తే దాన్ని మీకు వ్యతిరేకంగా వాడవచ్చు, వాళ్ల మౌనం మాత్రం వాళ్లకు వ్యతిరేకంగా వాడకూడదు! ఇది న్యాయం కాదు, వచ్చే ఒప్పందంలో ఆ ఒక్క మాట మార్పించండి.

ఆ కాగితంలో కంపెనీ ఏం వదులుకుంటోందో వెతికాను, ఏమీ లేదు. మీరు సంతకం పెట్టి కొంత డబ్బు తీసుకున్నాక కూడా పది లక్షల గోప్యత క్లెయిము అలాగే నిలబడి ఉంటుంది. రాజీ అంటే రెండు వైపులా ఉండాలి. కంపెనీ ఫలానా తేదీ నోటీసులోని క్లెయిములన్నీ శాశ్వతంగా వదులుకుంటున్నట్టు అందులోనే రాయాలి, అధీకృత అధికారి సంతకం పెట్టాలి, ఆయన అధికారానికి ఆధారం జత చేయాలి. వాళ్ల ఒప్పందం అడిగిన మూడూ వాళ్ల చేతే ఇప్పించండి.

డబ్బు అవసరం ముంచుకొచ్చి సంతకం పెట్టాల్సే వస్తే? 2008లో బొఘారా పాలీఫ్యాబ్ కేసులో, బలవంతంతోనో మోసంతోనో తీసుకున్న డిశ్చార్జ్ వోచరు (లెక్క పూర్తిగా తేలిందని ఇచ్చే రసీదు) బాధ్యతను తీర్చదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఊరికే బలవంతం అంటే చాలదు, ఆధారం కావాలని తర్వాతి తీర్పులు గట్టిగా అన్నాయి. సంతకం పక్కనే "అభ్యంతరంతో, మిగతా బాకీ హక్కు నిలుపుకుంటూ" అని రాయండి. రాయనివ్వకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో ఉత్తరం పంపండి. నెలలు గడిచాక గుర్తొచ్చిన బలవంతాన్ని కోర్టు నమ్మదు.

మీరు వదులుకోలేనిది ఒకటుంది, రైతుల డబ్బు. ఆ కాగితంలో "నా తరఫున, నా కింద ఉన్న రైతుల తరఫున" అనే మాట చూశాను. దాన్ని కొట్టేయించండి. రైతు మీకు అధికారం రాసివ్వకుండా వాళ్ల హక్కు మీరు వదలలేరు. కంపెనీ రేపు రైతులకు ఆ కాగితం చూపించి "మీ ఆర్గనైజరే ఒప్పుకున్నాడు" అంటుంది. చట్టం ముందు అది నిలవకపోయినా, మీ ఊళ్లో మీరు తల ఎత్తుకుని తిరగలేరు.

జీఓటీ ఫలితాలు రైతులకు చూపించవచ్చా అని కూడా అడిగారు. రైతుకు తన లాట్ ఫలితం తెలియాలి, దాని మీదే అతని డబ్బు ఆగింది. కానీ మీ ఒప్పందం పేరు పెట్టి జీఓటీ ఫలితాలను చేర్చింది కాబట్టి, రాత లేకుండా ముందడుగు వేయకండి. ఇలా ఈమెయిల్ పెట్టండి: "లాట్ నంబరు ఫలానా, ఫలానా జీఓటీ ఫలితాలను ఆయా రైతులకు, ఎవరి లాట్ ఫలితం వారికే, వారి లెక్క తేల్చే పనికోసం మాత్రమే చూపడానికి ఒప్పందంలోని ఫలానా క్లాజు కింద రాతపూర్వక అనుమతి కోరుతున్నాను. అనుమతి నిరాకరిస్తే కారణం తెలపగలరు." ఏ సమాచారం, ఎవరికి, ఎందుకు అన్నవి మూడూ అందులో ఉన్నాయి. అనుమతి ఇస్తే మంచిది. ఇవ్వకపోతే, రైతుకు తన లెక్కే దాచిపెట్టిన కంపెనీ అన్నది మీ ఫైల్లో కాగితం రూపంలో ఉంటుంది.

అధికారుల సంగతి వేరు. విత్తన చట్టం, 1966 కింద సీడ్ ఇన్‌స్పెక్టర్ నమూనాలు తీసుకోవచ్చు, రికార్డులు చూడవచ్చు. ఆయన అడిగితే ఒప్పందం చూపించి "చెప్పను" అనకండి. చట్టం అడిగిన సమాచారాన్ని దాచమనే షరతు కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు నిలవదు, దానికి కంపెనీ వేవర్ అక్కర్లేదు. కోర్టు సమన్లకూ ఇదే. ఇచ్చే ముందు కంపెనీకి ఒక ముక్క తెలియజేయమని మీ ఒప్పందం అంటే తెలియజేయండి.

ఇప్పుడే చేయాల్సినవి. నోటీసు అందింది కాబట్టి గ్రూపులో ఇక ఏమీ పెట్టకండి. నిన్నటిదాకా వాళ్లు సహించారని వాదించగలరు గానీ, వద్దని రాతలో చెప్పిన తర్వాత కూడా కొనసాగిస్తే ఏ వాదనా నిలబడదు. పాత మెసేజ్‌లు ఒక్కటీ తీసేయకండి, గ్రూపులోంచి బయటికి రాకండి, ఆ ఫోను మార్చకండి, అమ్మకండి. స్క్రీన్‌షాట్లు మాత్రమే ఉంటే చాలదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఎ భాగం రికార్డు ఇచ్చేవారు, బి భాగం నిపుణుడు నింపాలి. ఫోను చేతిలో ఉంటేనే అది సులువు. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి కూడా ఒక కాపీ పెట్టుకోండి.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు సీజన్ల ఒప్పందాలు, నోటీసు వచ్చిన కవరు, పేమెంట్ల బ్యాంకు స్టేట్‌మెంటు, పేరెంట్ సీడ్ ఇచ్చినప్పుడు సంతకం పెట్టించుకున్న చలాన్లు, జీఓటీ కాగితాలు తీసుకెళ్లండి. కవరు మీది తేదీ, అది మీకు అందిన తేదీ రెండూ ముఖ్యం, జవాబు గడువు మామూలుగా నోటీసు అందినప్పటి నుంచి లెక్క. ఒప్పందంలో మధ్యవర్తిత్వ క్లాజు ఉందా, కేసు హైదరాబాదులోనే వేయాలని ఉందా అన్నది ముందే చూపించండి. నోటీసుకు జవాబు ఇక్కడి లాయరే ఇచ్చినా, కేసు ఎక్కడ నడుస్తుందో దాన్నిబట్టే తేలుతుంది. మీ కింది రైతుల్లో ఎస్సీ, ఎస్టీ వాళ్లకూ, మహిళా రైతులకూ ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరును ఇస్తారు. ఆ దరఖాస్తు వాళ్ల చేత ఈ వారంలోనే పెట్టించండి. జవాబు ముసాయిదా తయారయ్యాక మీ పేరు, కంపెనీ పేరు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.